అప్పుడు ఓడ దిగింది... ఇప్పుడు ఓడెక్కింది!

అమెరికా బియ్యం ఓడల్లో మన రేవులకు వచ్చిన రోజులున్నాయి. మన సన్నబియ్యం కోసం అమెరికా కొట్ల ముందు తెలుగువాళ్లు బారులు తీరిన రోజులూ ఉన్నాయి. ఈ రెంటి మధ్య నడిచిన కథ తెలుసుకోవాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఓ పూట తిరిగొస్తే చాలు.

మధ్యాహ్నం ఒంటిగంట. మాదాపూర్ సైబర్ టవర్స్ కూడలి. అప్పటిదాకా అద్దాల వెనక ఉన్న జనమంతా ఒక్కసారిగా రోడ్డు మీదికొస్తారు. మెడలో ట్యాగులు, చేతిలో ఫోన్లు, కడుపులో ఆకలి! కొందరు ఫుడ్‌కోర్టుకి, కొందరు సందులోని మెస్సుకి. అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలో ఉండేవాళ్లకి పొద్దున్నే కట్టిచ్చిన డబ్బా ఉంటుంది. పిజ్జాలూ బర్గర్లూ ఎన్నొచ్చినా వారంలో ఐదు రోజులు ఇక్కడ గెలిచేది అన్నమే. పప్పు, కూర, సాంబారు... ఆఖర్న ఇంత పెరుగన్నం. అది పడితే తప్ప మనవాళ్లకు భోజనం చేసినట్టుండదు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పుడు దాని చుట్టూ ఎక్కువగా ఉన్నవి బండరాళ్లూ, తుప్పలే. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఇక్కడికొచ్చి ప్రసంగించారు. అప్పటినుంచీ హైటెక్ సిటీకీ అమెరికాకీ ఉన్న చుట్టరికం అందరికీ తెలిసిందే. ఇక్కడి పిల్లలు అక్కడికి వెళ్తారు, అక్కడి పని ఇక్కడికొస్తుంది. ఆ చుట్టరికం వెనక ఇంకోటి ఉంది. దాని గురించి పెద్దగా మాట్లాడుకోం. అదే బియ్యం చుట్టరికం!

రెండు అంకెలు చూడండి.

1960 మే 4న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, మన ఆహార మంత్రి ఎస్.కె.పాటిల్ ఓ ఒప్పందం మీద సంతకాలు చేశారు. నాలుగేళ్లలో అమెరికా మనకు 160 లక్షల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యం పంపాలి. అంటే బియ్యం ఏడాదికి సగటున రెండున్నర లక్షల టన్నులు.

2024-25లో మనదేశం నుంచి అమెరికాకు వెళ్లిన బాస్మతి సుమారు 2.74 లక్షల టన్నులు. మన సోనా మసూరి లాంటి మిగతా రకాలు సుమారు 61 వేల టన్నులు. కలిపితే 3.35 లక్షల టన్నులు.

అవే రెండు దేశాలు. ఇంచుమించు అదే మోతాదు. ఓడ వెళ్లే దిక్కు మాత్రం తిరగబడింది! ఎలా తిరగబడింది? అది తెలుసుకోవడానికి సైబర్ టవర్స్ దగ్గర బయల్దేరి కొండాపూర్, నానక్‌రాంగూడ మీదుగా రాజేంద్రనగర్ దాకా వెళ్దాం పదండి.

కొండాపూర్ కొట్లో... డల్లాస్ కొట్లో...

కొండాపూర్‌లో ఏ బియ్యం కొట్టుకైనా వెళ్లండి. ముందు వినిపించే ప్రశ్న ‘పాతవా, కొత్తవా?’ అని. కొత్తబియ్యం ముద్దవుతాయి. ఏడాది నిల్వ ఉన్న పాతబియ్యమైతే అన్నం పొడిపొడిగా, పువ్వులా విచ్చుకుంటుంది. ఆ తర్వాత రకాల పేర్లు. బీపీటీ, హెచ్ఎంటీ, జై శ్రీరామ్, తెలంగాణ సోనా... బస్తా 26 కిలోలుంటే ఆశ్చర్యపోకండి. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. వ్యాపారులు ఇంకో కిలో కలిపి కుట్టేశారు. లెక్క సరిపోయింది!

ఈ కొట్లలోకొచ్చే బస్తాల్లో మిర్యాలగూడ మిల్లులవి చాలా ఉంటాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు అక్కడ బియ్యమై, ఇక్కడి హాస్టళ్ల గిన్నెల్లో ఉడుకుతాయి. కొండాపూర్‌లో నెలకు ఒకటో రెండో బస్తాలు కొనే ఇల్లాలికి ఓ కూతురో కొడుకో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. అక్కడ కూడా అదే సోనా మసూరి కావాలి. అక్కడది 20 పౌండ్ల సంచి. అంటే మన లెక్కలో తొమ్మిది కిలోలు.

అమెరికాలో బియ్యం పండవా? ఎందుకు పండవు! ఆ దేశపు పంటలో సగం దాకా ఒక్క ఆర్కాన్సా రాష్ట్రంలోనే పండుతుంది. లూసియానా, టెక్సాస్, కాలిఫోర్నియాలోనూ వరి ఉంది. ప్రపంచం మొత్తమ్మీద పండే బియ్యంలో అమెరికా వాటా రెండు శాతం లోపే. అయినా పండినదాంట్లో సగానికి దగ్గరగా పక్క దేశాలకు అమ్ముతుంది. చిత్రమేమిటంటే అదే దేశం బియ్యం కొంటుంది కూడా. 1990ల మొదట్లో ఎంత కొనేదో ఇప్పుడు దానికి ఐదు రెట్లకు పైగా కొంటోంది. అందులో పెద్ద వాటా థాయ్‌లాండ్ జాస్మిన్‌ది. ఆ తర్వాత మన బాస్మతి.

ఎందుకంటారా? నాలుక! కాలిఫోర్నియాలో పండేది ఎక్కువగా మధ్యరకం గింజ. వండితే జిగురుగా అతుక్కుంటుంది. జపాన్, కొరియా వంటలకు అది బాగుంటుంది. దక్షిణాదిన పండే పొడుగు గింజ విడివిడిగా ఉంటుంది కానీ కాస్త గట్టి. పప్పులోనో పులుసులోనో కలిపితే మన సన్నబియ్యంలా కలిసిపోదు. 1970లలో వెళ్లిన మన డాక్టర్లూ ఇంజినీర్లూ సూపర్‌మార్కెట్లో దొరికిన ఆ పొడుగు గింజతోనే ఆవకాయ కలుపుకొని సరిపెట్టుకున్నారు. 1974లో షికాగో డివాన్ అవెన్యూలో పటేల్ బ్రదర్స్ లాంటి దుకాణాలు మొదలయ్యాక పరిస్థితి మెల్లగా మారింది. ఇక సాఫ్ట్‌వేర్ రోజులొచ్చాక చెప్పేదేముంది! 2010-2017 మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగే. మాట్లాడేవాళ్లు ఏకంగా 86 శాతం పెరిగారు. భాషతోపాటే బియ్యమూ వెళ్లింది.

సూట్‌కేసులో బియ్యానికి చోటు లేదు

కొండాపూర్ నుంచి గచ్చిబౌలి మీదుగా నానక్‌రాంగూడ వెళ్తే ఆకాశాన్నంటే టవర్ల మధ్య అమెరికన్ కాన్సులేట్ కనిపిస్తుంది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైన ఈ కార్యాలయం 2023 మార్చి 20న ఇక్కడి కొత్త భవనంలోకి మారింది. పొద్దున్నే వెళితే ఫైళ్లు గుండెలకు హత్తుకుని నిలబడ్డ పిల్లలు, కాస్త దూరంలో దేవుడికి మొక్కుకుంటూ అమ్మానాన్నలు... ఇక్కడి రోజూ దృశ్యం ఇదే.

వీసా వచ్చాక మొదలయ్యేది సర్దుడు. ఆవకాయ, గోంగూర, కారప్పొడి, కందిపొడి, సున్నుండలు... 23 కిలోల సూట్‌కేసులు రెండు. తూకం వేయడం, తీయడం, మళ్లీ వేయడం! ఇన్ని సర్దినా అందులో ఒకటి మాత్రం పెట్టడానికి వీల్లేదు. బియ్యం. 2011 జులై 30 నుంచి మనలాంటి కొన్ని దేశాల ప్రయాణికుల సామాన్లలో బియ్యాన్ని అమెరికా పూర్తిగా నిషేధించింది. కారణం ఖాప్రా బీటిల్ అనే చిన్న పురుగు. గింజల్లో దూరిందంటే గోదాములకు గోదాములే పాడుచేస్తుంది. అందుకే మన బియ్యం అమెరికా చేరాలంటే వ్యాపారుల సరుకుగా, పురుగు లేదన్న ధ్రువపత్రాలతో కంటెయినర్లో వెళ్లాలి తప్ప అమ్మ కట్టిన మూటలో కాదు.

ఈ రూలు ఎంత కఠినమో 2023 జులైలో తెలిసొచ్చింది. ఆ నెల 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని మన ప్రభుత్వం నిషేధించింది. వానలు సరిగా లేవు, ఎల్‌నినో భయం, దేశంలో బియ్యం ధరలు పెరుగుతున్నాయి. ముందు మన ఇంట్లో గిన్నె నిండాలి కదా అన్నది సర్కారు లెక్క. ఆ భయం ఊరికే పోలేదు కూడా. ఆ ఆగస్టులో కురిసిన వాన 1901 తర్వాత ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ.

వార్త అమెరికా చేరడానికి ఎంతసేపు? గంటల్లో ఇండియన్ స్టోర్ల ముందు కార్లు నిండిపోయాయి. కొందరు అయిదారు సంచులు ట్రాలీలో వేసుకున్నారు. కొట్లవాళ్లు ‘ఇంటికి ఒక్క సంచే’ అని కాగితాలు అంటించారు. కొన్నిచోట్ల ధర రాత్రికి రాత్రే రెట్టింపైంది. ఆ వారం కూకట్‌పల్లి, మియాపూర్ ఇళ్ల నుంచి వెళ్లిన ఫోన్లలో మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి కాదు, ‘బియ్యం దొరుకుతున్నాయా కన్నా?’ అనే.

ఇది మొదటిసారీ కాదు. 2008లో ప్రపంచమంతా ధాన్యం ధరలు మండిపోయినప్పుడు కూడా మనదేశం బాస్మతి కాని బియ్యం ఎగుమతిని ఆపేసింది. ఆ ఏప్రిల్‌లో అమెరికాలోని శామ్స్ క్లబ్ లాంటి పెద్ద దుకాణాలు ఒక్కొక్కరికీ నాలుగు పెద్ద సంచులే అని పరిమితి పెట్టాయి. ఆ నిషేధాన్ని పూర్తిగా ఎత్తేసింది 2011 సెప్టెంబరులో. 2023 నాటిది 2024 సెప్టెంబరు 28న తొలగింది. 2025లో ఇంకో మలుపు. ఆగస్టు 27 నుంచి భారత సరుకుల మీద సుంకాన్ని అమెరికా 50 శాతానికి పెంచింది. మళ్లీ అవే ఫోన్లు, అదే ప్రశ్న!

నిజానికి ఆ బారుల్లో నిలబడ్డవాళ్లెవరూ పస్తులుండలేదు. పక్క అరలో జాస్మిన్ ఉంది, ఆర్కాన్సా బియ్యం ఉంది, బ్రెడ్డు ఉంది. కరవొచ్చింది ఆకలికి కాదు, అలవాటుకి. కానీ ఇదే రెండు దేశాల మధ్య ఓడ ఆలస్యమైతే నిజంగానే పొయ్యి వెలగని రోజులుండేవి. వాటి గుర్తు ఒకటి ఈ కాన్సులేట్ చుట్టుపక్కలే ఉంది.

ఖాళీ స్థలంలో వయ్యారిభామ

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో రెండు టవర్ల మధ్య ఎక్కడ ఖాళీ జాగా ఉన్నా తెల్లటి చిన్న పూలతో ఓ కలుపు మొక్క ఒత్తుగా పెరిగి ఉంటుంది. వయ్యారిభామ. పేరు అందమైందే కానీ తాకితే దురద, పీలిస్తే ఆయాసం. అమెరికా గోధుమలతో కలిసి మన దేశంలో దిగిందని పెద్దవాళ్లు చెబుతారు. ఆ మాటకొస్తే ఆ గోధుమలెందుకొచ్చాయి?

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మనదేశానికి లోటుపడ్డ బియ్యం బర్మా నుంచి వచ్చేది. ఆ రంగూన్ మిల్లుల్లో పనిచేయడానికి మన కోస్తా జిల్లాల కూలీలు ఓడలెక్కి వెళ్లేవారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. బియ్యం ఆగింది. మరుసటి ఏడు బెంగాల్ కరవులో లక్షల మంది ప్రాణాలు పోవడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

స్వాతంత్య్రం వచ్చింది కానీ లోటు తీరలేదు. 1954లో అమెరికా పి.ఎల్.480 అనే చట్టం చేసింది. తమ దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని డాలర్లు లేని దేశాలకు వాళ్ల సొంత కరెన్సీకే అమ్మడం దాని సారాంశం. 1956లో మనమూ ఒప్పందం చేసుకున్నాం. 1960 నాటి ఒప్పందం దాని కొనసాగింపే. వచ్చిన దాంట్లో ఎక్కువ గోధుమలే. తర్వాత ఎర్రజొన్నలూ వచ్చాయి. అన్నానికి అలవాటుపడ్డ ఇళ్లల్లో ఆ గోధుమల్ని రవ్వగా పట్టించి ఉప్మా చేసుకున్న కథలు తాతమ్మలు ఇప్పటికీ చెబుతారు.

1965లో వాన మొహం చాటేసింది. పైగా పాకిస్థాన్‌తో యుద్ధం. వారానికో పూట, సోమవారం రాత్రి భోజనం మానేయమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దేశాన్ని కోరారు. జనం మానేశారు. హోటళ్లు మూసేశారు. 1966లోనూ కరవే. ఆ ఒక్క ఏడాదే మనం దిగుమతి చేసుకున్న తిండిగింజలు కోటి టన్నులు దాటాయి. ఓడలో నుంచి దిగిన గింజ గోదాముకి కాదు, నేరుగా నోటికే!

అప్పుడే అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కళ్లెం బిగించారు. ఏడాదికి సరిపడా ఒప్పందం కాకుండా నెలకింత అని విడుదల చేయసాగారు. వ్యవసాయాన్ని బాగుచేసుకోండని ఒత్తిడి. వియత్నాం యుద్ధాన్ని మనం విమర్శించడం మీద కోపం. తర్వాతి ఓడ బయల్దేరుతుందా లేదా అని ఢిల్లీలో మంత్రులు లెక్కలు వేసుకుంటూ కూర్చున్న రోజులవి. పరాయి దేశపు గింజ మీద బతికితే మన కంచం తాళం వాళ్ల జేబులో ఉంటుందని దేశానికి అప్పుడు బాగా అర్థమైంది.

రాజేంద్రనగర్... కథ మారింది ఇక్కడే

నానక్‌రాంగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి శంషాబాద్ వైపు సాగండి. నార్సింగి టవర్లు వెనక్కి పోతాయి. హిమాయత్‌సాగర్ నీళ్ల చల్లగాలి తగులుతుంది. రాజేంద్రనగర్‌లో దిగి లోపలికెళ్తే ఒక్కసారిగా వేరే లోకం. చెట్ల వరసలు, కొంగలు, నీళ్లు పెట్టిన మడులు. ఒక్కో మడి ముందు ఓ బోర్డు, దాని మీద ఓ నంబరు. ఐటీ కారిడార్ అరగంట దూరంలో ఉందంటే నమ్మబుద్ధి కాదు.

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఇక్కడ ఏర్పడింది. 1965 మార్చి 20న దాన్ని ప్రారంభించింది ఎవరో తెలుసా? సోమవారం భోజనం మానేయమన్న శాస్త్రీజీయే. దీన్ని తీర్చిదిద్దడంలో అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ సాయం ఉంది. అంటే ఒక చేత్తో గింజను లెక్కపెట్టి ఇచ్చిన దేశమే ఇంకో చేత్తో గింజ పండించే చదువు నేర్పడానికి మనుషుల్ని పంపింది. ఇప్పుడిది ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం.

అదే 1965లో, ఇదే రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వరి పరిశోధన పథకం మొదలైంది. దేశంలో ఏ మూల కొత్త వరి రకం పుట్టినా రకరకాల నేలల్లో వేసి చూసి మంచిచెడ్డలు తేల్చే ఏర్పాటది. ఆ పథకమే ఎదిగి ఇవాళ భారత వరి పరిశోధన సంస్థ అయింది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 అనే పొట్టి రకాన్ని విడుదల చేసింది. ఎరువు వేస్తే పాత రకాల్లా పడిపోదు, దిగుబడి ఎన్నో రెట్లు. 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు దాన్ని పండించి చూపించారు. ఆ విత్తనం చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. ఆయనకు ‘మిస్టర్ ఐఆర్8’ అన్న పేరే మిగిలిపోయింది.

ఐఆర్8 కడుపు నింపింది కానీ రుచిలో మెప్పించలేదు. గింజ లావు. మన నాలుకకు నచ్చే సన్నగింజ 1986లో వచ్చింది. అదే బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204, సాంబ మసూరి. దాని వంశవృక్షం చూస్తే నవ్వొస్తుంది. ఒక పూర్వీకురాలు 1921 నాటి కోయంబత్తూరు రకం. ఇంకొకటి తైవాన్ పొట్టి వరి. మూడోది మసూరి, 1965లో మలేసియాలో విడుదలైన రకం. అచ్చ తెలుగు రుచి అని మనం మురిసిపోయే అన్నంలో మూడు దేశాల గింజలున్నాయన్నమాట!

లోటు తీరింది. 1970ల చివరికి బియ్యం కొనే దేశం అమ్మే దేశమైంది. 1994లో బాస్మతి కాని బియ్యం ఎగుమతికి గేట్లు ఎత్తాక 1995-96లో 49 లక్షల టన్నులు బయటికెళ్లింది. 2022-23లో అది 2.2 కోట్ల టన్నులు దాటింది. ప్రపంచ మార్కెట్లో చేతులు మారే ప్రతి పది బస్తాల్లో నాలుగు మనవే. ఐఆర్8 విత్తనం ఇచ్చిన ఫిలిప్పీన్స్ ఇవాళ ప్రపంచంలోనే అతిపెద్ద బియ్యం దిగుమతిదారు. 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఓడలో బయల్దేరింది అక్కడికే. అందులోనిది మన మార్టేరు కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు.

2006 మార్చి 3న అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ హైదరాబాద్ వచ్చారు. ఆ ఒక్కరోజులో ఆయన చూసినవి రెండు చోట్లు. ఒకటి గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్. రెండోది రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. అక్కడ రైతులతో మాట్లాడారు. మనం తిరుగుతున్న ఈ దారి రెండు కొసలూ ఆయన ఒకే పూటలో చూసి వెళ్లారు.

రెండు దేశాలు... ఆరు మెట్లు

1942: బర్మా బియ్యం ఆగిపోయింది. మనకు పెద్ద దెబ్బ.
1960: నాలుగేళ్లలో 10 లక్షల టన్నుల బియ్యం పంపడానికి అమెరికా ఒప్పందం.
1966: మన తిండిగింజల దిగుమతి కోటి టన్నుల పైమాట. ఓడలు నెలనెలా అమెరికా దయ మీద.
1995-96: మన బియ్యం ఎగుమతి 49 లక్షల టన్నులు.
2023: మన నిషేధంతో అమెరికా ఇండియన్ స్టోర్లలో ఇంటికో సంచి.
2024-25: మన నుంచి అమెరికాకు 3.35 లక్షల టన్నుల బియ్యం.

మనం కొన్నది ఆకలికి. వాళ్లు కొంటున్నది రుచికి. ఈ తేడా చిన్నది కాదు. అయినా పాఠం రెండుచోట్లా ఒక్కటే. ఎల్లలు దాటే బియ్యం అమ్మేవాడి మాటే వింటుంది, తినేవాడి మాట కాదు. 1966లో జాన్సన్, 2023లో ఢిల్లీ. ఇద్దరూ ముందు తమ ఇంటి లెక్కే చూసుకున్నారు. ఇవాళ తాళం మన జేబులో ఉంది. ఎప్పటికీ ఉంటుందా అన్నదే ప్రశ్న.

బియ్యంతో వెళ్లే నీళ్లు

కిలో వడ్లు పండాలంటే సగటున 2,500 లీటర్ల నీళ్లు కావాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. వాన నీళ్లూ అందులోనివే. అమెరికా వెళ్లిన 61 వేల టన్నుల మామూలు బియ్యానికి దాదాపు 91 వేల టన్నుల వడ్లు కావాలి. ఆ లెక్కన నీళ్లు సుమారు 8 టీఎంసీలు. ఇందాక దారిలో తగిలిన హిమాయత్‌సాగర్ నిండితే దాదాపు 3 టీఎంసీలు. దాని జంట గండిపేట నిండితే 3.9. రెండు చెరువులూ నిండుగా ఉన్నా ఆ బియ్యం తాగిన నీటికి చాలవు! అదీ బాస్మతిని లెక్కలోకి తీసుకోకుండా. 2024 వేసవిలో ఇదే ఐటీ కారిడార్ అపార్టుమెంట్లు ట్యాంకర్ల కోసం ఎదురుచూశాయన్న సంగతి గుర్తుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది.

మరోవైపు ఇంట్లోనే సన్నబియ్యానికి గిరాకీ పెరిగింది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడంతో జొన్నరొట్టె, గటక తిన్న ఎన్నో తెలంగాణ ఇళ్లకు రోజూ అన్నం అలవాటైంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్‌కార్డు మీద ఇస్తున్నదీ సన్నబియ్యమే, మనిషికి ఆరు కిలోలు. సన్నాలు పండించే రైతుకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్‌నూ ప్రభుత్వం ప్రకటించింది. రేషన్ షాపు, మాదాపూర్ హాస్టలు, డల్లాస్ కొట్టు... ముగ్గురూ చూస్తున్నది ఒకే పొలం వైపు.

ఆ పొలానికి కొత్త విత్తనం ఇవ్వాల్సింది మళ్లీ రాజేంద్రనగరే. సాంబ మసూరిని పీడించే ఎండాకు తెగులును తట్టుకునే రకాన్ని ఇక్కడి శాస్త్రవేత్తలు సీసీఎంబీతో కలిసి తయారు చేశారు. అది 2008లో విడుదలైంది. షుగరున్నవాళ్లు అడిగి మరీ కొంటున్న తెలంగాణ సోనా ఇక్కడి విశ్వవిద్యాలయం బిడ్డే. సాంబ మసూరి జన్యువుల్లో చిన్న సవరణ చేసి భారత వరి పరిశోధన సంస్థ తెచ్చిన ‘కమల’ రకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే 4న ప్రకటించింది. దాదాపు 20 రోజుల ముందే కోతకొస్తుందని, అంతమేర నీళ్లు మిగులుతాయని సంస్థ చెబుతోంది. దాని ఫలితాల మీద కొన్ని సంఘాలు ప్రశ్నలు లేవనెత్తాయి. తేల్చాల్సింది రైతు పొలమే.

తేదీ గమనించారా? మే 4. ఐసెన్‌హోవర్ దగ్గర మన మంత్రి బియ్యం కోసం సంతకం పెట్టిన రోజుకు సరిగ్గా 65 ఏళ్లు.

ఈ ప్రయోగాల నేల మీదా నగరం కన్ను పడింది. కొత్త హైకోర్టు కోసం రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమి 100 ఎకరాలు కేటాయించారు. విద్యార్థులు ఆందోళన చేశారు. 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. న్యాయస్థానం కావాలి, కాదనేదెవరు? కానీ సైబర్ టవర్స్ పక్కన మరో టవర్ కట్టడానికి రెండేళ్లు చాలు. ఓ మంచి వరి రకం తయారవడానికి పదేళ్లు పడుతుంది. అదీ నేల ఉంటేనే.

ఈసారి విమానాశ్రయానికి పిల్లల్ని దింపడానికి ఔటర్ మీద వెళ్తున్నప్పుడు రాజేంద్రనగర్ బోర్డు దగ్గర ఒక్కసారి కారు అద్దం దించి చూపించండి. వాళ్లు అక్కడ వండుకునే అన్నం చరిత్రలో కొంత ఈ మడుల్లోనే రాసి ఉంది.